నష్టమునకు ముందే రాదగిన న్యాయము

1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిననాడు గుట్టలు, బండలే ఎక్కువగా కనిపించిన మాదాపురము నుండి, నేడు గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడకు పోవు త్రోవలో, ఇరువైపుల నిలిచిన అద్దాల కార్యాలయములకును, వానితో ఎత్తున పోటీపడు ఆసుపత్రులకును నడుమ, న్యాయస్థానమను పేరు లేకుండగనే న్యాయకార్యము జరుగు చోటొకటి కలదని విని, దానిని చూడవలెనను కోరికతో ఒక ఉదయమున బయలుదేరితిని. వెంట ఒక పెద్దాయన వచ్చిరి. వారు చిరకాలము జిల్లా న్యాయమూర్తిగా పనిచేసి విరమించి, ఇపుడీ ప్రాంతముననే ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో న్యాయనిపుణులుగా కూర్చుండుచున్నారు.

వారిని చూడగా నాకొక పాత తలపు వచ్చినది. అమెరికా దేశమున కొంతకాలము న్యాయమూర్తిగా ఉండి, ఆ పీఠము విడిచి ఆసుపత్రి పాలనాధికారియై, ఆపైన నగరపాలక సంస్థకు న్యాయవాదియైన వారి జీవితములను గూర్చి చదివినపుడెల్ల, ఒకే మనుష్యుడు తీర్పరియు, పాలకుడును, వకీలును ఎట్లు కాగలిగెనా అని నాకు విస్మయము కలుగుచుండెడిది. అచట పీఠమెక్కుటకును దిగుటకును అడ్డు తక్కువ; లాస్ ఏంజిలిస్, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి పట్టణములలో నగర న్యాయవాదిని ప్రజలే ఎన్నుకొందురు. విజయవాడలో పుట్టి హైదరాబాదులో పెరిగిన జయ బాడిగ కాలిఫోర్నియా రాష్ట్ర ఆరోగ్యసేవల శాఖలో న్యాయవాదిగా పనిచేసి, 2024లో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు న్యాయమూర్తిగా నియమితురాలైనపుడు మన పత్రికలు సంతోషముతో వ్రాసినవి. మన రాజ్యాంగము ఇంతటి స్వేచ్ఛ నీయదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉండినవారు దేశమునందలి ఏ న్యాయస్థానమునను, ఏ అధికారి యెదుటను వాదింపరాదని 124వ అధికరణమును, హైకోర్టు శాశ్వత న్యాయమూర్తులైనవారు విరమణానంతరము సుప్రీంకోర్టునందును ఇతర హైకోర్టులయందును తప్ప వాదింపరాదని 220వ అధికరణమును శాసించుచున్నవి. నిన్నటివరకు తనకు నమస్కరించిన న్యాయవాదితో నేడు తానే ఎదురు నిలిచి వాదించుట పీఠగౌరవమునకు తగదను ఈ కట్టుబాటు సమంజసమైనదే. అయినను 62 ఏండ్లకో, 65 ఏండ్లకో పీఠము దిగిన మనిషి వివేకము ఆ సాయంత్రముతోనే ఇంకిపోదు. ఆ వివేకమునకు త్రోవలు వెదకినవారు మనలోను గలరు. ప్రధాన న్యాయమూర్తి పదవికి 1967లో రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి పోటీచేసిన కోకా సుబ్బారావుగారు, సుప్రీంకోర్టున కేశవానంద భారతి వ్యాజ్యమును విన్న ధర్మాసనమున కూర్చుండి ఆ పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులైన పి. జగన్మోహనరెడ్డిగారు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిత్వమునుండి ఆంధ్ర విశ్వవిద్యాలయ పాలనకు వెడలిన ఆవుల సాంబశివరావుగారు అట్టివారు. విశ్వవిద్యాలయములు ఇట్లు పిలిచినవి. ఆసుపత్రులును నగరములును పిలిచిన పిలుపులు మాత్రము నాకంతగా వినబడలేదు.

నానక్‌రామ్‌గూడలో మేము పోయినది అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రమునకు. నాటి భారత ప్రధాన న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణగారి సంకల్పముతో 2021 ఆగస్టు 20న దీని ట్రస్టు పత్రము వ్రాయబడినది. అదే సంవత్సరము డిసెంబరు 18న ద్వారములు తెరువబడినవి. నాటి కృష్ణా జిల్లా పొన్నవరమున రైతుకుటుంబమునందు పుట్టిన న్యాయమూర్తి తలపెట్టిన ఈ సంస్థ సాఫ్ట్‌వేర్ కార్యాలయముల నడుమ వెలయుట ఉచితముగనే తోచినది. ఒప్పందములు పుట్టిన చోటనే వానిపై తగవులును పుట్టును గదా. లోపల ఎత్తైన పీఠము లేదు, బోను లేదు, బంట్రోతు కేక లేదు. బల్లచుట్టు కుర్చీలు, ఇరుపక్షములకు విడివిడిగా గదులు, అంతే.

ఈ సంస్థకు రాయదుర్గమున ప్రభుత్వమిచ్చిన మూడున్నర ఎకరముల భూకేటాయింపును తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో కొట్టివేసినది. న్యాయమూర్తులు నెలకొల్పిన సంస్థయని చూడక న్యాయస్థానము విచారించి తీర్పుచెప్పుట నాకు గర్వకారణముగనే కనిపించినది.

ఆర్బిట్రేషన్‌నందు తీర్పరి చెప్పిన మాట ఇరువురికి శిరోధార్యము, మీడియేషన్‌నందట్లు కాదు. అచట మధ్యవర్తి తీర్పు చెప్పరాదు. జీవితమంతయు తీర్పులు చెప్పినవానికి ఇది కఠినమైన తపస్సు. ఒక గదిలో ఒక పక్షము మొరను విని, అందులో చెప్పుమన్నదానినే రెండవ గదికి మోసి, చెప్పవలదన్నదానిని తనలోనే దాచుకొని, ఇట్లు ఇరుగదుల నడుమ ఎన్నియో మారులు తిరుగవలెను. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టము ఈ గోప్యతకు రక్షణ కల్పించి, 120 దినములలో పని ముగియవలెననియు, ఇరుపక్షములు కోరినచో మరి 60 దినములు పొడిగింపవచ్చుననియు నిర్ణయించినది. కోర్టులలో వాయిదాలు లెక్కించి అలసిన మన జనులకు ఈ గడువే ఒక ఊరట.

తిరిగివచ్చుచు, పీఠము మీద దొరకని తృప్తి ఈ పనులలో ఏమి దొరికినదని పెద్దాయనను అడిగితిని.

"బెంచీ మీద ఉన్నన్నాళ్ళూ నా దగ్గరికి వచ్చినవన్నీ అయిపోయిన సంగతులే నాయనా. కాలు పోయాక వచ్చేవారు, ఇల్లు కూలాక వచ్చేవారు, మనిషి పోయాక వచ్చేవారు. ఎంత బాగా రాసినా ఆ తీర్పు పోయినదాన్ని తెచ్చిపెట్టదు. ఆసుపత్రి కమిటీలో కూర్చున్నాకే, జరగకముందు అడ్డుపడే అవకాశం దొరికింది."

ఈ మాటలు విన్నప్పుడు హైదరాబాదు నగరమున జరిగిన ఒక వ్యాజ్యము నాకు స్ఫురించినది. ఇరువది యేండ్ల ఇంజనీరింగు విద్యార్థియొకడు 1990లో నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో శస్త్రచికిత్స చేయించుకొని, నడుమునకు దిగువ చచ్చుబడి, చక్రాల కుర్చీ పాలయ్యెను. అతడు ఉద్యోగము చేసికొనుచు, తన వ్యాజ్యమును తానే సుప్రీంకోర్టులో వాదించుకొనెను. 2009 మే 14న ఆ న్యాయస్థానము జాతీయ వినియోగదారుల కమిషన్ నిర్ణయించిన పదిహేనున్నర లక్షల పరిహారమును కోటి రూపాయలకు పెంచినది. పరీక్షకై కొంత కండ తీయుటకు మాత్రమే సమ్మతి పొంది కంతినే తొలగించిరనియు, న్యూరోసర్జన్‌ను వెంట ఉంచుకొనలేదనియు తప్పుపట్టినది. గొప్ప తీర్పు అది. చదివినపుడు నా హృదయము నిండినది. అయినను పందొమ్మిది సంవత్సరములు! శస్త్రచికిత్సకు ముందటి దినమున, దేనికి సమ్మతి తీసికొంటిరి, దేనికి తీసికొనలేదు అని అడుగు న్యాయజ్ఞుడొకడు ఆ భవనమునందే ఉండినచో ఏమయ్యెడిదో ఎవరు చెప్పగలరు? సమ్మతి పత్రము బీరువాలో దాచుకొను కాగితము కాదని, రోగి తన దేహముపై తాను నిలుపుకొన్న హక్కునకు సాక్ష్యమని గుర్తుచేయువారు ఆసుపత్రిలో జీతము తీసికొను పాలకుడై ఉండవలెనని నా దృఢాభిప్రాయము.

ఔషధ ప్రయోగముల విషయమున చట్టము ఈ దారి కొంత తొక్కినది. 2019 నాటి నూతన ఔషధ, క్లినికల్ ట్రయల్స్ నియమముల ప్రకారము ఎథిక్స్ కమిటీలో కనీసము ఏడుగురుండవలెను. వారిలో ఒకరు న్యాయనిపుణులు, ఒకరు సామాన్య పౌరులు. న్యాయనిపుణుడు లేనిదే సమావేశము చెల్లదు. ప్రయోగము వలన హాని కలిగినచో ఉచిత చికిత్స చేయింపవలెను; పరిహారమీయవలెను. అయితే నిత్యచికిత్సలో, అనగా బిల్లు వివాదములు, శవము అప్పగింతలో జాప్యములు, అత్యవసర విభాగపు గలభాలు పుట్టు చోట, ఇట్టి కూర్పు ఏదియు చట్టము విధించినట్లు కనబడదు. నానక్‌రామ్‌గూడ బల్లల ఎదుట కూర్చుండువారు పెద్ద కంపెనీలవారు. కాని చికిత్స ఖర్చులకు పొలమమ్మిన రైతునకును ఆ బల్ల అవసరమే.

నగర న్యాయవాది సంగతియు ఇట్టిదే. 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థకు హైకోర్టులో స్టాండింగ్ కౌన్సెల్ అను న్యాయవాదులు ఉందురు. నోటీసు వచ్చిన పిదప వారు సంస్థను సమర్థింతురు. నోటీసు పంపకముందే "ఇది తగదు" అని చెప్పుట వేరు పని. 2024 జూలైలో చెరువుల రక్షణకై హైడ్రా అను ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. చెరువులు కాపాడవలసినవే, ఈ ఐటీ కారిడార్‌లో కుంటలు పూడి వీధులు మునుగుటను చూచినవారెవరును దానిని కాదనరు. కాని ఆ సెప్టెంబరులో హైకోర్టు, సెలవు దినములందు కట్టడముల కూల్చివేతలేమని అధికారులను ప్రశ్నింపవలసి వచ్చినది. ఆ ప్రశ్న కోర్టులో కాక, అంతకు వారము ముందే అధికారి గదిలో, ఒకప్పుడు పీఠముపై కూర్చుండి ప్రశ్నించిన అనుభవముగల న్యాయవాది నోట వెలువడియుండినచో చెరువునకు, చట్టమునకు, గూడు కోల్పోవనున్న కుటుంబమునకు, మూడింటికిని మేలు జరిగియుండెడిది.

"మరి మీవంటివారిని పిలవరేమండీ, జడ్జిగారూ?" అని అడిగితిని.

"పిలిస్తే అడ్డు చెప్తామని భయం. అడ్డు చెప్పడానికే కదా పిలవాల్సింది!" అని వారనిరి.

మధ్యాహ్నము కమిటీ సమావేశమున్నదని వారు ఆసుపత్రి ద్వారము వద్ద దిగిరి. చేతిలోని సమ్మతి పత్రపు తెలుగు ప్రతిలో, హాని కలిగినచో రోగి అర్ధరాత్రివేళ ఎవరికి ఫోను చేయవలెనో వ్రాయలేదని గుర్తుపెట్టుకొని, ఆ పేరును సంఖ్యయును అచ్చులో చేరువరకు సంతకము చేయనని కమిటీ కార్యదర్శికి అచటనే నిలిచి ఫోనులో చెప్పి, లోనికి పోయిరి.