మ్యూజియాలకు మనుషులు కావాలి

మన ప్రాంతంలో మ్యూజియాల మాట వచ్చినప్పుడల్లా భవనం గురించీ, అద్దాల బీరువాల గురించీ, దీపాల గురించీ చర్చ జరుగుతుంది. ఆ బీరువాలోని వస్తువు సంగతి తెలిసిన మనిషి గురించి మాత్రం జరగదు. నిధులు చాలవని అందరూ అంటారు, నేనూ అంటాను. కాని వచ్చిన నాలుగు రూపాయలూ దేనికి ఖర్చవుతున్నవన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

నేను పుత్తూరువాణ్ణి. మా వూరి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఎముకల కట్టు. విరిగిన చేతులతో, కాళ్ళతో ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ కట్టు శాస్త్రీయమా కాదా అన్న వాదంతో యిక్కడ నాకు పని లేదు. ఆ విద్య యే భవనంలోనూ లేదు, వేళ్ళ చివర వున్నది. పెద్దవాడి పక్కన చిన్నవాడు యేళ్ళతరబడి కూర్చుంటేనే అది నిలుస్తుంది. కూర్చున్నవాడికి కూడు దొరికితేనే కూర్చుంటాడు. మా వూళ్ళో పిల్లలకు కూడా తెలిసిన యీ సంగతి, మ్యూజియాలకు గ్రాంటులిచ్చే పెద్దలకు తెలియదనుకోవాలా?

మాకు సంపద లేక కాదు. నారాయణవనం, నాగలాపురం, కార్వేటినగరం మాకు దగ్గరే. స్వర్ణముఖి ఒడ్డున గుడిమల్లం లింగం క్రీస్తుకు పూర్వపుదని చాలామంది పండితుల అభిప్రాయం. 1973లో అక్కడ పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. చంద్రగిరి కోటలోని రాజమహలులో ఆ శాఖవారి మ్యూజియమే వున్నది. యిక వూరి పొలిమేరల్లో, పొలం గట్లమీద పడివున్న వీరగల్లులు సరేసరి.

కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న మ్యూజియంలో అలాంటి వీరగల్లు ముందు నిలబడ్డాను. పక్కన చీటీ మీద రెండే మాటలు: "వీరుడు. రాయి." యే వూళ్ళో దొరికింది? యెవరి మందను కాపాడబోయి చచ్చాడు? రాతి మీది అక్షరాలు యేమంటున్నవి? అక్కడి వుద్యోగిని అడిగాను. "నేను కాపలాకొచ్చినోణ్ణి సార్. అది చదివే పోస్టు చానా కాలంగా ఖాళీ" అన్నాడు. తలుపు తీసేదీ, వూడ్చేదీ, టిక్కెట్టు చింపేదీ అతనే. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

రాజుల పేర్లకు లోటు లేదు. గుడి గోడల నిండా వున్నవి. పశువుల కోసం, పొరుగువాడి కోసం ప్రాణమిచ్చిన మామూలు మనిషి చరిత్రలో అడుగుపెట్టింది యీ రాళ్ళ మీదనే. ఆ అక్షరాలు చదివి, దొరికిన చోటు రాసి, ఫోటో తీసి భద్రపరచేవాడు లేకపోతే అతను మళ్ళీ అనామకుడవుతాడు.

నష్టం యింతటితో ఆగదు. ప్రకాశం జిల్లా చందవరంలోని బౌద్ధ శిల్పఫలకం ఒకటి చోరీకి గురై, దేశాలు దాటి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొనుగోలులో తేలింది. అది చందవరంలో వుండగా తీసిన పాత ఫోటో బయటపడబట్టి, 2016లో మనకు తిరిగి దక్కింది. చోరీ అయినదాన్ని మనదని నిరూపించింది తాళం కాదు, ఫోటో. చిట్టాకెక్కని విగ్రహం పోతే, పోయిందని చెప్పుకోవడానికైనా ఆధారం వుండదు.

యిది కొత్త సంగతేమీ కాదు. 1936లోనే మార్ఖాం, హార్‌గ్రీవ్స్ అనే యిద్దరు, కార్నెగీ సంస్థ ధనసహాయంతో భారతదేశపు మ్యూజియాలను పరిశీలించి నివేదిక రాశారు. 1952లో బరోడా విశ్వవిద్యాలయం మ్యూజియం శాస్త్రానికి ప్రత్యేక శాఖ తెరిచింది. కేంద్ర సాంస్కృతిక శాఖవారి మ్యూజియం గ్రాంటు పథకంలో భవనాలతోపాటు వుద్యోగుల శిక్షణకు కూడా చోటు పెట్టారు. అయినా ఆచరణలో భవనాలదే పైచేయి. కారణం వూహించడం కష్టం కాదు: భవనానికి ప్రారంభోత్సవం చేయవచ్చు, శిలాఫలకం మీద పేరు చెక్కించుకోవచ్చు. ఒక కుర్రవాడు శాసనం చదవడం నేర్చుకుంటే రిబ్బను యెక్కడ కత్తిరిస్తారు?

బ్రిటనులో హెడ్లీ ఫెలోషిప్‌ల పేరిట ఆర్ట్ ఫండ్ ఒక ఏర్పాటు చేసింది. మ్యూజియం క్యూరేటరు తన సేకరణలనే నింపాదిగా అధ్యయనం చేయడానికి ఆ డబ్బు వ్యవధి కల్పించింది. ఆ కాలంలో అతని రోజువారీ పనికి మరొకరిని పెట్టుకునే వీలుండేది. అక్కడి సంపద మనకు లేకపోవచ్చు. కాని తీరిక కూడా పనిముట్టేనన్న ఆలోచనకు సంపద అక్కరలేదు.

"పైకప్పు కురుస్తుంటే క్యూరేటరు యేం చేస్తాడయ్యా?" అని మిత్రులు అడుగుతారు. కప్పు వేయవలసిందే, కాదనను. అయితే యే విగ్రహం తడిస్తే పాడవుతుందో, దేన్ని ముందు జరపాలో చెప్పేవాడు కూడా కావాలి గదా!

తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర, పురావస్తుశాస్త్రం చదివిన పిల్లలున్నారు. వారికి రెండేళ్ళ భృతి యిచ్చి, అనుభవజ్ఞుల పక్కన కూర్చోబెట్టండి. లిపి చదవడం, చిట్టా రాయడం, రాయినీ కంచునూ శుభ్రపరచడం నేర్పండి. వూళ్ళమీదికి పంపి, ఆ రాళ్ళకు యిప్పటికీ పసుపు పూసే ఆడవాళ్ళు చెప్పే కథలు వినమనండి. గ్రాంటు ముగిసిన మర్నాడు వాళ్ళను యింటికి పంపేటట్లయితే యీ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. భృతి వెనుక వుద్యోగం వుండి తీరాలి. యిక మీద గ్రాంటు కోసం రాసే ప్రతి దరఖాస్తులోనూ మొదటి పద్దు మనిషి జీతం కావాలి. దీపాలూ, అద్దాలూ ఆ తరువాతి పద్దులు.