ముందు వంట, తర్వాత కరెంటు

జయంతిపురంలో రామ్‌కో సిమెంటు ఫ్యాక్టరీ చూద్దామని బయల్దేరాను. నందిగామలో బస్సు దిగేసరికి పొద్దున్న ఎనిమిదయింది. మాది ఉయ్యూరు. మా అల్లప్పచ్చడిలో నాలుక్కి ముందు బెల్లం తగులుతుంది. ఇక్కడ పెసరట్టుతో ఇచ్చినదాంట్లో ముందు మిరపే! మళ్లీ అడిగి వేయించుకున్నాను.

చిల్లకల్లు దగ్గర హైవే దిగి జగ్గయ్యపేట వైపు తిరిగితే మా వైపులాగా కాలవగట్లు, వరిచేలు కావు. పత్తి, మిరప, వాటి అడుగున సున్నపురాయి. పొగగొట్టం కనబడగానే ఆటో ఆపమన్నాను.

"అది బూదవాడదండీ. మీరడిగిన జయంతిపురం రామ్‌కో వేరే" అన్నాడు ఆటో అబ్బాయి.

మా ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం గుర్తు చెబితే చాలు, ఎవరైనా ఇంటికి చేరతారు. మీరు వెళితే మాత్రం ఊరి పేరు పట్టుకుని అడగండి.

వృథాగా పోయే వేడితో కరెంటు తీయడానికి జయంతిపురం ఫ్యాక్టరీలో 27 మెగావాట్ల ఏర్పాటుంది. ముందు చెవిన పడింది టర్బైను హోరు కాదు, టక్ టక్ మని సుత్తి దెబ్బలు. బాయిలరు గొట్టాలకు పట్టిన రాతిపొడి రాలేలా యంత్రమే కొడుతూ ఉంటుందట. కింద పొయ్యి కోసం వెతికాను. లేదు! చెరకుపిప్పి మంటలు చూసి పెరిగినవాణ్ణి, మంటలేని బాయిలరు ముందు అలాగే నిలబడిపోయాను.

ఇంజినీరుగారు ఓపిగ్గా చెప్పారు. బట్టీలో రాయి 1450 డిగ్రీల దగ్గర క్లింకరు, అంటే సిమెంటుగా నూరే గడ్డలు, అవుతుంది. ఆ పని ముగించుకుని వెళ్లే వాయువుల్లో ఇంకా 300 డిగ్రీలకు అటూఇటూగా వేడి మిగులుతుంది. ఆవిరి పుట్టేది దాంతోనే. మా చక్కెర ఫ్యాక్టరీలో ఆవిరి ముందు టర్బైను తిప్పి, తర్వాత చెరకురసం కాస్తుంది. ఇక్కడ ముందు వంట, తర్వాత కరెంటు!

ఇంతకంటే చిన్న టర్బైన్ల గురించీ ఆయన్నే అడిగాను. చక్రం చిన్నదైతే రెక్క కొసకు వేగం రావడానికి ఎక్కువ చుట్లు తిరగాలి. 1884లో పార్సన్స్ అనే ఇంజినీరు చేసిన ఏడున్నర కిలోవాట్ల టర్బైను నిమిషానికి 18,000 చుట్లు తిరిగింది. రెక్కలు పొట్టివైనకొద్దీ వాటి కొసల పక్కనుంచి జారిపోయే ఆవిరి వాటా పెరుగుతుంది. అందుకే కొసలకూ చుట్టూ ఉన్న తొడుగుకూ మధ్య సందును మిల్లీమీటరులో కొంతభాగానికి కుదిస్తారు. చిన్నదాన్ని చేయడమే కష్టమని నాకప్పుడు తెలిసింది.

సాయంత్రం జగ్గయ్యపేటలో ధనం బోడు ఎక్కాను. 1882లో బర్జెస్ అనే పురావస్తు పరిశోధకుడు తవ్వించిన బౌద్ధ స్తూపం అది. చుట్టూ నిలబెట్టిన పలకలూ సున్నపురాయే. పొద్దు వాలినా ఒక పలక ఇంకా వెచ్చగానే ఉంది. ఆఖరి బస్సు వేళయ్యేదాకా దానికి వీపానించి కూర్చున్నాను.