చేతికి తెలియని విషం

ఒంట్లో నలతగా ఉంటేనే మనిషి డాక్టరు దగ్గరికి వస్తాడు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, ఏం తిన్నావు, ఏ పని చేస్తావు అని అడుగుతూ మేము వెనక్కి వెళ్తాం. డైమిథైల్ మెర్క్యురీ ఆ దారినే మూసేస్తుంది. అది పాదరసం కలిసిన రంగులేని ద్రవం, నీటికి మూడింతల బరువు. సుమారు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది, గదిలో ఉండే వేడికే ధారాళంగా ఆవిరవుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఇన్ని గుణాలున్నా, చుక్క పడిన చేతికి మాత్రం ఏమీ తెలియదు. ‘ఏదైనా తేడా అనిపిస్తే వెంటనే రండి’ అని మేము రోజూ చెప్పే మాట ఈ విషం ముందు పనికిరాదు. జాగ్రత్త అంతా ఆ చుక్క పడకముందే ఉండాలి.

అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కేరెన్ వెటర్‌హాన్ విషలోహాలు కణాలకు చేసే హాని మీద పరిశోధన చేసేవారు. 1996 ఆగస్టు 14న, ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే పనిచేస్తుండగా, ఈ ద్రవం చుక్కలు కొన్ని ఆమె లేటెక్స్ గ్లవ్ మీద పడ్డాయి. నెలలు గడిచాక బరువు తగ్గడం మొదలైంది. 1997 జనవరికి నడక తూలింది, మాట ముద్దగా వచ్చింది, చూపూ వినికిడీ తగ్గాయి. రక్తంలో పాదరసం లీటరుకు 4,000 మైక్రోగ్రాములు తేలింది. మామూలుగా అది పది లోపే ఉంటుంది. పొడవాటి తల వెంట్రుకను ముక్కలుగా కోసి పరీక్షిస్తే పాదరసం ఒక్కసారే ఉవ్వెత్తున పెరిగి, ఆపైన నెమ్మదిగా తగ్గుతూ వచ్చినట్టు కనిపించింది. ఆగస్టులో జరిగిన ఆ ఒక్క ప్రమాదానికి వెంట్రుకే సాక్ష్యమిచ్చింది. జూన్ 8న ఆమె చనిపోయారు. అప్పటికి వయసు 48.

ఆమె అజాగ్రత్తగా ఉన్నారేమో అనే వారున్నారు. కాదు. అప్పటి పద్ధతుల ప్రకారం చేయవలసినవన్నీ చేశారు. తరువాత పరీక్షించి చూస్తే, ఈ ద్రవం లేటెక్స్ గుండా 15 సెకన్లలోపే దాటిపోతుందని తేలింది. తప్పు ఆ గ్లవ్‌ను నమ్మవచ్చనుకున్న ఊహది. మందులున్నాయి కదా అన్నది మరో ప్రశ్న. లోహాన్ని పట్టుకుని మూత్రంలోకి పంపే చెలేషన్ మందులు ఆమెకూ ఇచ్చారు, రక్తమార్పిడీ చేశారు. పాదరసం బయటికి వచ్చింది కూడా. కానీ ఈ ద్రవం శరీరంలో మిథైల్ మెర్క్యురీగా మారి, సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుని, మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని పోలిన రూపంలో రక్తం నుంచి మెదడులోకి చొరబడుతుంది. అక్కడ చచ్చిన కణాలను ఏ మందూ తిరిగి తేలేదు. లక్షణాలు కనిపించేనాటికి నష్టం చాలావరకు జరిగిపోయింది.

ప్రయోగశాలల్లో తప్ప దొరకని ఈ ద్రవం గురించి మామూలు పాఠకులకు ఎందుకంటారా? ఆలస్యంగా బయటపడే గుణం దీనికొక్కదానికే ఉన్నది కాదు. 1971 చివర్లో ఇరాక్‌లో రైతులకు పంచిన విత్తన గోధుమలకు మిథైల్ మెర్క్యురీ మందు పట్టించి, గుర్తుగా ఎర్ర రంగు వేశారు. సంచుల మీది హెచ్చరికలు అక్కడివారికి తెలియని భాషల్లో ఉన్నాయి. జనం గింజలు కడిగారు. రంగు పోయింది, విషం పోలేదు. పశువులకు పెట్టి చూసినవాళ్లకు అవి బాగానే ఉన్నట్టు కనిపించడంతో ధైర్యం వచ్చింది. రొట్టెలు చేసుకుని తిన్నారు. వారాల తరువాత కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కడం మొదలైంది. 6,530 మంది ఆసుపత్రుల్లో చేరారు, వారిలో 459 మంది చనిపోయారు. కొన్నాళ్లు ఏమీ కాకపోవడాన్నే వాళ్లు భరోసా అనుకున్నారు.

అలాగని పాదరసం పేరు వింటేనే హడలిపోనక్కర్లేదు. థర్మామీటరు పగిలి బిడ్డ ఆ లోహపు గుండును మింగితే, అది చాలావరకు పేగుల్లోకి ఇంకకుండానే బయటికి పోతుంది. అక్కడ భయం ఆవిరిది: తలుపులు తెరవాలి, చీపురుతో గానీ వాక్యూమ్ క్లీనరుతో గానీ ఊడ్చకూడదు. ఏ రూపంలో ఉన్న పాదరసం, ఏ దారిన లోపలికి వెళ్లింది అన్నదే అసలు ప్రశ్న. వెటర్‌హాన్ పోయాక అమెరికా ప్రభుత్వ కార్మిక భద్రతా సంస్థ ఈ ద్రవంతో పనిచేసేవారు లోపల పలుచని లామినేటెడ్ గ్లవ్, దానిపై మందపాటి నియోప్రీన్ గ్లవ్ తొడుక్కోవాలని చెప్పింది. వీలైతే ఆ ద్రవాన్నే మానేసి, అంత ప్రమాదం లేని పాదరస లవణాలు వాడమంది.