లారీలో చోటు... జేబులో చేటు!

తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాదు చేరి ఏళ్ళయింది. 1976లోనే అక్కడ అన్నపూర్ణా స్టూడియోస్ వెలిసింది. కోడంబాక్కంలో మిగిలిపోయిన మా ఇంటికి మాత్రం ఆ కబురు నిరుడు గాని అందలేదు! అమ్మా, నేనూ, పోయిన నాన్నగారు దాచుకున్న సినిమా పత్రికలు పద్దెనిమిది పెట్టెలూ... ఇదీ మా సంసారం.

"రెండు గదుల ఇల్లేగా సార్, పద్దెనిమిది వేలు!" అన్నాడు ఫోన్లో ఒకాయన. ఇంటికొచ్చి సామాను చూసిన మరో కంపెనీ మనిషి ముప్పై ఒక్క వేలన్నాడు. ఒళ్ళు మండింది. "ఇదేం లెక్కండీ?" అని నిలదీశాను.

ఆయన కాఫీ తాగుతూ విప్పి చెప్పాడు. హైదరాబాదుకు దాదాపు 630 కిలోమీటర్లు. అది ఎవరికైనా ఒకటే. తేడా అంతా మిగతావాటిలో ఉంది. సామాను లారీలో ఎన్ని ఘనపుటడుగులు ఆక్రమిస్తుంది? బరువెంత? లారీ మనకొక్కరికేనా, నలుగురి సామానుతో కలిపా? లిఫ్టుందా? లారీ గుమ్మందాకా వస్తుందా, సందు మొదట్లోనే ఆగుతుందా? వీటికి తోడు అట్టపెట్టెలు, హమాలీల కూలి, బీమా, జి.ఎస్.టి. నెలాఖరైతే గిరాకీ ఎక్కువ, ధరా ఎక్కువే.

"ఫోన్లో చెప్పినాయన మీ పుస్తకాలు చూళ్ళేదు సార్. చూసేసరికి అవి ఆయన లారీలో ఉంటాయి. అప్పుడు బేరమాడగలరా?"

గుండె జల్లుమంది. పుస్తకాల పెట్టె చిన్నదే, బరువే ఎక్కువ. పాతపేపర్లవాడికి వేసేద్దామా అన్నాను అమ్మతో.

"మంచం అమ్మెయ్యరా. నేల మీద పడుకుంటాను" అంది.

ఇంకేం మాట్లాడను? మంచాలు, బీరువా, పాత కూలరు అమ్మేశాం. నెల మధ్యలో, కలిపి వేసే లారీలో ఇరవై రెండు వేలకు కుదిరింది. మూడో అంతస్తుకు మోసే కూలితో సహా కాగితం మీద రాయించుకున్నాను. ఫోన్లో విన్నదానికంటే ఎక్కువే. అయితేనేం, యూసుఫ్‌గూడాలో దించాక రూపాయి పెరగలేదు!

ఇల్లు మారబోయే మిత్రులారా! ఒకే జాబితా ముగ్గురికి చూపించండి. ధరలో ఏది ఉందో, ఏది లేదో రాయించుకోండి. ఆ తర్వాతే బేరం.

అన్నట్టు, బీమా కాగితంలో వస్తువుల విలువ మనమే రాయాలి. పత్రికల దగ్గర నా కలం ఆగిపోయింది. పాతపేపర్ల ధర రాయనా, నాన్నగారి ముప్పై ఏళ్ళు రాయనా?

అమ్మకు కొత్త మంచం వచ్చింది. ప్రస్తుతానికి నేనే నేల మీద... ఆ పెట్టెల పక్కన!