నవోనా కూడలిలో గంగ

మే 11, రోమ్

సాయంత్రం ట్రెవీ ఫౌంటెన్‌కి వెళ్లాం. ఇసుక వేస్తే రాలనంత జనం. అమ్మ చెయ్యి పట్టుకుని నీళ్ల దాకా దిగేసరికే ఓపిక అయిపోయింది. నికోలా సాల్వి 1732లో పని మొదలుపెట్టాడు, పూర్తి కాకుండానే 1751లో పోయాడు. 1762కి గానీ పని ముగియలేదు. జనం విసిరే నాణేలను ఏరి కారితాస్ అనే సేవాసంస్థకు ఇస్తారట. అది విన్నాక అమ్మ ఇంకో నాణెం వేసింది. చూడదగ్గదే, కాదనను. కానీ నేను ఈ ఊరికి వచ్చింది రేపటి కోసం.

మే 12

పొద్దున్నే నవోనా కూడలి. హోటళ్ల వాళ్లు ఇంకా కుర్చీలు సర్దుతున్నారు. నిడుపాటి మైదానంలా ఉంటుందీ చోటు. ఒకప్పుడు డొమీషియన్ చక్రవర్తి కట్టించిన క్రీడాస్థలం, ఆ ఆకారమే ఇప్పటికీ నిలిచింది. నట్టనడుమ బెర్నీని చేసిన నాలుగు నదుల ఫౌంటెన్. 1651లో పూర్తయింది. నైలు, డాన్యూబ్, రియో దె లా ప్లాతా, మన గంగ.

అమ్మ చుట్టూ తిరిగి చూసి, "గంగమ్మ ఏదే?" అంది. చూపించాను. కండలు తిరిగిన గడ్డపాయన, చేతిలో పొడవాటి తెడ్డు, మొహం పక్కకి తిప్పుకుని ఒరిగి కూర్చున్నాడు.

"ఈయనా? మరి మొసలేదీ?"

మొసలి లేదు. దాపులో రాళ్ల సందున పాములాంటి జంతువొకటి మెలికలు తిరిగి ఉంది. రోమన్లకు నది అంటే మగవాడే. వాళ్ల తైబర్ నదికీ గడ్డం ఉంటుంది. గంగ పొడుగునా పడవలు నడుస్తాయన్న మాట ఇక్కడి దాకా వచ్చింది కనుక తెడ్డు పట్టించారు. నైలు పుట్టుక అప్పటికి ఎవరికీ తెలియదు, అందుకే ఆయన తలకు ముసుగు. బెర్నీని గంగను చూసినవాడు కాడు. నమూనా ఆయనది, ఈ విగ్రహాన్ని చెక్కింది క్లోద్ పుస్సాన్ అనే శిల్పి. చూడని నదికి ఎంత కండ, ఎంత బరువు ఇచ్చాడో! తెడ్డు పట్టిన చేతి దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఆ నలుగురూ కూర్చున్న బండ మరో అద్భుతం. అడుగున నాలుగు వైపులా గుహలా తొలిచేశారు, ఇటు నుంచి అటు కనిపిస్తుంది. ఆ బోలు మీద దాదాపు 16 మీటర్ల గ్రానైట్ స్తంభం! ముక్కలై పడి ఉన్నదాన్ని ఊరి బయట మాక్సెంటియస్ పందేల మైదానం నుంచి తెచ్చి అతికించారు. కొసన పావురం, పదో ఇన్నోసెంట్ పోప్ ఇంటి గుర్తు.

ఆ పోప్ దీనికి డబ్బు తెచ్చింది రొట్టె మీది పన్నుతో సహా. ఊరు తిండికి కటకటలాడుతున్న రోజులు. స్తంభాలు కాదు, రొట్టె కావాలని జనం చీటీలు రాసి రాళ్లకు అంటించారు. ఇది చెబితే అమ్మ మొహం మాడిపోయింది. "ఆకలితో ఉన్నవాళ్ల దగ్గర వసూలు చేసి కట్టాలా?" అంది. నాకూ అదే బాధ. అయినా ఆ చెయ్యి మీంచి చూపు తిప్పుకోలేకపోయాను, అదీ నిజమే.

దగ్గరి మలుపులోనే పస్కీనో అనే అరిగిపోయిన విగ్రహం ఉంది. పెద్దలను దుయ్యబట్టే పద్యాలను రోమ్ జనం వందల ఏళ్లుగా దానికి అంటిస్తూ వచ్చారు. ఈ కూడలి చూసినవాళ్లు దాన్నీ చూసి తీరాలి.

మే 13

వియా దెల్ నజరేనో అనే సందులో, రోడ్డుకన్నా బాగా దిగువన, పాత కాలువ తోరణాలు కొన్ని బయటపడి ఉన్నాయి. ఆక్వా వర్గో కాలువ. క్రీ.పూ. 19లో అగ్రిప్పా తవ్వించాడు. 20 కిలోమీటర్ల పొడవు, చాలా భాగం నేల కిందే. మోటార్లు లేవు, వాలు ఒక్కటే ఆధారం. 1453లో ఐదో నికోలస్ పోప్ మరమ్మతు చేయించాడు. ట్రెవీ, నవోనా రెండూ ఈ కాలువను నమ్ముకుని కట్టినవే. వీధుల్లో ఇనుప పంపులు రాత్రింబగళ్లు మంచినీళ్లు పోస్తూనే ఉంటాయి, ఏడాది పొడుగునా తెరిచి ఉండే చలివేంద్రాల్లా. ధారకు వేలు అడ్డం పెడితే, గొట్టం పైనున్న చిల్లులోంచి నీళ్లు నోటికందేలా చిమ్ముతాయి. అమ్మకు ఇది తెగ నచ్చింది.

మధ్యాహ్నం స్పానిష్ మెట్ల కింద బార్కాచ్చా. 1627–29 మధ్య బెర్నీని తండ్రి పియెత్రో చేసిన సగం మునిగిన పడవ. ఇక్కడికొచ్చేసరికి నీళ్లకు పైకి ఎగిరే జోరు లేదు. అందుకని పడవను నేల మట్టానికన్నా దించి, ఉన్న ధారే అంచుల మీంచి జారేలా చెక్కాడు. నీళ్లకు లొంగి చేసిన పని ఇది. నాకు కొడుకు పనికన్నా ఇదే గొప్పగా తోచిందని అమ్మతో అన్నాను.

"నీకు తోస్తే తోచనీ. రేపు పొద్దున నన్ను మళ్లీ గంగ దగ్గరికి తీసుకెళ్లు" అంది.