ఇసుక కింద ఆగని ఆరాధన

మొదట నాకు కనిపించింది చర్చి కాదు. గడ్డి దిబ్బల మధ్య నుంచి పొడుచుకొచ్చిన ఒక రాతి కొన. అదీ తిన్నగా లేదు, ఎవరో చేత్తో పట్టి ఓ పక్కకు వంచినట్టుంది.

"అదేమిటే?" అన్నాను మా అమ్మాయితో.

"చర్చి శిఖరం అమ్మా. మిగతాదంతా కింద ఉంది, పద!"

ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్. అక్కడ కేమెల్ నది అట్లాంటిక్‌లో కలిసే మొగకు దగ్గర్లో ట్రెబెథరిక్ అనే చిన్న ఊరు. డేమర్ బే ఒడ్డు నుంచి గోల్ఫ్ మైదానం మీదుగా, ఎగిరొచ్చే బంతుల్ని కనిపెట్టుకుంటూ నడిస్తే సెయింట్ ఎనడాక్ చర్చి వస్తుంది. గుడికి మెట్లెక్కి వెళ్ళడమే నాకు తెలుసు. ఇక్కడ పల్లంలోకి దిగాలి. చర్చి చుట్టూ ఇసుకగట్లు లేచి ఉన్నాయి. ఆ గట్లను చూస్తూ లోపలికి అడుగుపెట్టి, చల్లటి గోడకు అరచెయ్యి ఆనించాను. 12వ శతాబ్దపు గోడ! వంగిన ఆ శిఖరం 13వ శతాబ్దానిది. అంతవరకే అయితే ఇంగ్లండులో పాత చర్చిలకు కొదవ లేదు. ఆ తర్వాత తెలిసిన కథకే నా ఒళ్ళు పులకరించింది.

16వ శతాబ్దం నుంచి ఈ చర్చి మెల్లగా ఇసుకలో కూరుకుపోయింది. సముద్రపు గాలి రాత్రింబవళ్ళు ఇసుకను తెచ్చి పోసింది. గోడలు మునిగాయి, తలుపు మునిగింది, ఇసుక కప్పును తాకింది. మన పల్లెల్లో వెంకటేశ్వర్లు వెంకన్న అయినట్టు, అక్కడివాళ్ళ నోట ఎనడాక్ నెడ్డీ అయ్యాడు. చర్చిని 'సింకింగ్ నెడ్డీ' అన్నారు. మునిగిపోతున్న నెడ్డీ అన్నమాట.

అయినా వదిలెయ్యలేదు! ఏడాదికి ఒక్కసారైనా ఆరాధన జరిగితేనే చర్చికి రావలసిన దశమభాగం దక్కేది. అందుకని గురువూ, ఊరివాళ్ళూ ఇసుక మీద నడుచుకుంటూ వచ్చి, పైకప్పులోని కన్నంలోంచి లోపలికి దిగేవారు. ఆ చీకట్లో ప్రార్థన చేసుకుని, మళ్ళీ ఆ కన్నంలోంచే పైకి వచ్చేవారు. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, తరాల తరబడి!

రాబడి కోసం మొక్కుబడిగా చేసిన పనే కదా అని ఎవరైనా అనొచ్చు. నాకలా అనిపించలేదు. మొక్కుబడి అంటే అసలు అర్థం మొక్కు తీర్చుకోవడమే. తాత దిగిన కన్నంలోంచి మనవడు కూడా దిగాడంటే ఆ పని ఏనాడో లెక్కలు దాటి మొక్కుగా మారిపోయి ఉంటుంది. ధూపదీపాలకు నోచుకోని గుళ్ళు మట్టి మీద ఉండి కూడా పాడుపడతాయి. ఇది మట్టి కింద ఉండి కూడా బతికింది!

1864 నాటికి ఇసుక తవ్వి చర్చిని బయటికి తీశారు, మళ్ళీ కమ్ముకోకుండా దిబ్బల్ని కుదురుపరిచారు. ఆ సంగతి వినగానే 2020లో మన నెల్లూరు జిల్లా పెరుమాళ్ళపాడులో పెన్న ఇసుక తవ్వి నాగేశ్వరస్వామి గుడిని బయటపెట్టిన ఊరివాళ్ళు కళ్ళ ముందు మెదిలారు.

ఈ ఇసుకది వింత గుణం. మొగ దగ్గర డూమ్ బార్ అనే ఇసుక మేట ఉంది. 19వ శతాబ్దం మొదలుకుని 600కు పైగా పడవలూ ఓడలూ దాని మీద చిక్కుకున్నాయి. గవ్వల సున్నంతో నిండిన అదే ఇసుకను రైతులు తవ్వుకెళ్ళి పొలాలకు ఎరువుగా చల్లుకున్నారు. ఒడ్డున చేలను పండించిన ఇసుకే నీళ్ళలో నావలను మింగింది.

చర్చి ఆవరణలో కూడా సముద్రానికి బలైనవాళ్ళ గుర్తులున్నాయి. 1858లో కట్టిన 'మరియా అసుంప్తా' అనే తెరచాప ఓడ 1995లో దగ్గర్లోని రాళ్ళకు కొట్టుకుని బద్దలైంది. అందులో చనిపోయిన ముగ్గురి స్మృతిచిహ్నం ఇక్కడే ఉంది. బ్రిటన్ ఆస్థాన కవిగా ఉన్న జాన్ బెట్జమన్ సమాధి కూడా ఇక్కడే. నల్లటి పలకరాతి మీద తీగలల్లినట్టు చెక్కిన అక్షరాలు! ఆయన తల్లి ఈ ఆవరణలోనే ఉంది, తండ్రి పేర ఫలకం చర్చి లోపలుంది. 1984లో ఆయనా ఇక్కడికే చేరాడు. లండన్ సెయింట్ పాంక్రాస్ రైల్వే స్టేషన్‌ను కూల్చనివ్వకుండా పోరాడిన మనిషి ఆయన. పాత కట్టడాల కోసం అంత తపించినవాడు, ఊరంతా కలిసి కాపాడుకున్న చర్చి పక్కనే నిద్రపోతున్నాడు. ఇంతకంటే తగిన చోటు ఇంకెక్కడుంటుంది?

బయల్దేరబోతూ మళ్ళీ ఒకసారి లోపలికి వెళ్ళి, బల్ల మీద కూర్చుని తలెత్తి చూస్తూ ఉండిపోయాను.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"వాళ్ళు దిగిన చోటు" అన్నాను.

అమ్మాయి కూడా పక్కన కూర్చుని తలెత్తింది.