తిరుపతి పాత పటములు

కథల పుస్తకమును చదివినట్లే పటమును గూడ చదువవచ్చును. తిరుపతి వంటి ఊరి పటములను కాలక్రమమున ప్రక్కప్రక్కన పరచి చూచినచో, ఒకే బాలుని వేర్వేరు వయసుల ఛాయాచిత్రములను చూచినట్లుండును. అట్లు చూచుట నాకు చిరకాలపు అలవాటు.

1802వ సంవత్సరమున లాంబ్టన్ దొర చెన్నపట్టణము చెంత ఆధారరేఖను కొలిచి, దక్షిణదేశపు త్రికోణమితి సర్వేకు ఆరంభము చేసెను. తరువాత ఊరూర పొలములను గొలుసులతో కొలిచిరి. గొలుసు పొడవు 66 అడుగులు. దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. మన పెద్దలు నేటికిని చెప్పుకొను సెంటు ఆ ఎకరములో నూరవ వంతు. మండుటెండలో ఆ గొలుసులను లాగినవారి పేర్లు మాత్రము ఏ పటముమీదను కానరావు!

పాత పటములలో తిరుపతి, గోవిందరాజస్వామి ఆలయము చుట్టును ఒదిగిన చిన్న ఊరు. ఉత్తరమున కొండలు, దక్షిణమున స్వర్ణముఖి. నడుమ చెరువులు, గుంటలు, వంకలు. 1886లో పురపాలక సంఘము ఏర్పడెను. ఆ శతాబ్దము ముగియకముందే రైలు వచ్చెను. ఆలయమునకు దక్షిణముగా పటముమీద ఒక నల్లని గీత పడెను. 1944లో కొండపైకి మోటారు బాట, 1954లో విశ్వవిద్యాలయము. ఇవి ఏ పుస్తకమునందైనను దొరకును. పటము మాత్రమే కంటికి కట్టించు సంగతి వేరొకటి కలదు. ఊరు పెరిగిన కొలదియు నీలిరంగు తగ్గుచు వచ్చినది.

కొర్లగుంట, తాతయ్యగుంట అనునవి నేడు పేటల పేర్లు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఏటేట జనము విరగబడి పోవుదురు. గుంట యేదని అడుగువారు అరుదు. అట్టి పేరు గల పేటలో ఒకనాడు ఒక ముదుసలిని, "గుంట యెక్కడ అవ్వా?" అని అడిగితిని. ఆమె నవ్వి, "నువ్వు నిలబడుకోనుండేది దాంట్లోనే నాయనా" అనెను.

2021 నవంబరులో కుండపోతగా వానలు కురిసినప్పుడు, కొండల నుండి దిగిన నీరు తిరుపతి వీధులలో ఏరులై పారి ఇండ్లలోనికి చొచ్చెను. నీరు ఊరిమీదికి వచ్చెనని అందరును అనుకొనిరి. పాత పటమును ఎదుట పెట్టుకొన్నవానికి, ఊరే నీటిమీదికి పోయినదని తోచును.

ఆ మరుసటి వేసవిలో మా బంధువొకడు రెండు సెంట్ల స్థలము చౌకగా వచ్చుచున్నదని సంబరముతో చెప్పెను. నేను సర్వే నంబరు అడిగి, గ్రామపటమును విప్పి, వేలు పెట్టి చూపితిని. ఆ నంబరు నడుమగా ఒక వంక పోవుచుండెను. అతడు చాలసేపు దానినే చూచి, బయానా ఇంకను ఇయ్యలేదని మెల్లగా అనెను.